ఆవకాయ కేసుతో డిటెక్టివ్ దగ్గరికి

లండన్ వింత బార్లలో మొహమాటం వదిలించుకునే నాలుగు మెట్లు

లండన్‌కి చదువు కోసమో ఉద్యోగం కోసమో కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకి గురువారం సాయంత్రం ఒక గండం. పని ముగిశాక తోటి ఉద్యోగులు కోట్లు తగిలించుకుంటూ "పబ్‌కి వస్తున్నావుగా?" అంటారు. రానంటే బాగుండదు. వెళ్తే ఏం మాట్లాడాలో తోచదు. వాళ్లు ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు గురించో, చిన్నప్పుడు చూసిన టీవీ కార్యక్రమాల గురించో గడగడా మాట్లాడుకుంటుంటారు. మీరు కోక్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అందరూ నవ్వాక నవ్వి, ఎనిమిది కాగానే "పొద్దున్నే మీటింగుంది" అని జారుకుంటారు. ఈస్ట్ హామ్‌లో గదికి చేరి పెరుగన్నం కలుపుకుంటూ "ఇవన్నీ మనకు పడవులే" అని తేల్చేసుకుంటారు.

పడనిది మందు అనుకుంటారు చాలామంది. కానీ ఆ గుంపులో తాగని ఇంగ్లిషువాళ్లూ ఉంటారు, కారు నడపాలి కాబట్టి లెమనేడ్‌తో సరిపెట్టుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు. మాట ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ వదిలేయాలో వాళ్లకి అలవాటుగా తెలుసు. మీకు తెలియదు, ఎవరూ చెప్పరు కూడా. మామూలు పబ్‌లో కొత్తవాడు ఏం చేయాలో ఎక్కడా రాసి ఉండదు.

అందుకే నా సలహా కాస్త తలకిందులుగా కనిపిస్తుంది. మామూలు పబ్‌లో నోరు పెగలనివాళ్లు ముందు వింత బారుకి వెళ్లాలి. ఫ్రిజ్ తలుపులోంచి దూరి వెళ్లే బారు, డిటెక్టివ్‌కి కేసు చెప్పుకుంటే తప్ప లోపలికి పంపని బారు, ఖైదీ బట్టలు తొడిగి గదిలో కూర్చోబెట్టే బారు, ఇలాంటివి లండన్‌లో బోలెడు. సరదాకి వెళ్లేవాళ్లు సరదాకి వెళ్తారు. మీరు సాధన కోసం వెళ్లండి. తాగి తీరాలన్న రూలేమీ లేదు. ఇక్కడ చెప్పే నాలుగు మెట్లూ చుక్క ముట్టకుండా ఎక్కొచ్చు.

వేషం ఉంటే మాట వస్తుంది

పగటివేషగాళ్లని చూసిన తరానికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. కోయదొర వేషంలో ఒకాయన అరుగు ముందు నిలబడి జోస్యం మొదలుపెడితే, అది వేషమని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా నలుగురిలో నోరు విప్పని మనిషి కూడా "మా ఆవిడ పుట్టింటి నుంచి ఎప్పుడొస్తుందో చెప్పు దొరా" అని అందుకునేవాడు. మామూలు మనిషిని ఆ మాట అడగడానికి మొహమాటం. వేషాన్ని అడగడానికి మొహమాటమెందుకు?

థీమ్ బారు చేసే పని ఇదే. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు మనల్ని మూడు భయాలు పట్టుకుంటాయి. మొదటి మాట ఏం అనాలి? ఎప్పుడు ముగించాలి? నవ్వులపాలైతే ఎలా? థీమ్ బారులో మొదటి మాట వాళ్లే ఇస్తారు. ఆట ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలుస్తుంది. నవ్వులపాలైనా ఆ నవ్వు మీ వేషానికి చెందుతుంది, మీకు అంటదు. ఈ మూడూ తీరిపోతే ఎంత మితభాషి అయినా మాట్లాడతాడు.

బారుకి వేషం కట్టడం కొత్త ఆలోచనేం కాదు. 1890ల్లోనే పారిస్ మోంమార్త్ర్‌లో ఒక కాబరే ఉండేది. అక్కడ శవపేటికలే బల్లలు, శవాలు మోసేవాళ్ల వేషంలో సర్వర్లు. ఆ వీధుల్లోనే స్వర్గం పేరుతో ఒకటి, నరకం పేరుతో మరొకటి నడిచాయి. ఇప్పుడు లండన్‌లో ఎక్కువగా కనిపించే దొంగతలుపు బార్లకి మూలం అమెరికా. 1920 నుంచి 1933 దాకా అక్కడ దేశమంతటా మద్యనిషేధం ఉన్నప్పుడు చాటుమాటుగా నడిచిన బార్లని స్పీక్‌ఈజీలు అనేవారు. బ్రిటన్‌లో అలాంటి నిషేధం ఎన్నడూ లేదు. కాబట్టి లండన్ స్పీక్‌ఈజీలో రహస్యమంతా అచ్చంగా నాటకం.

మద్యనిషేధం మనకు మాత్రం నాటకం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపు రాష్ట్రమంతా పాకి 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో దాన్ని ఎత్తేశారు. సారా వల్ల గుల్లయిన ఇల్లు మీ బంధువుల్లోనో వీధిలోనో ఒకటి ఉండే ఉంటుంది. ఆ జ్ఞాపకం వల్ల బారు గుమ్మం తొక్కాలంటే మీకు మనసు ఒప్పకపోతే తప్పుపట్టాల్సిన పని లేదు. ఆ జంకుని కాపలాగా ఉంచుకోండి. గ్లాసులో ఏం పోయించుకోవాలో అది చెబుతుంది. ఎవరితో మాట్లాడాలో, మాట్లాడకూడదో దాన్ని చెప్పనివ్వకండి.

మొదటి మెట్టు: చూసి రావడం

మొదటిసారి మాటల పరీక్ష వద్దు. చూడటానికి ఏదో ఒకటి ఉన్న చోటికి వెళ్లండి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, కళ్లు ఎటు తిప్పాలో తెలియకపోవడమే బిడియస్థుడి మొదటి కష్టం. గోడల నిండా వింతలుంటే ఆ కష్టం సగం తీరుతుంది.

చేరింగ్ క్రాస్ స్టేషన్ దగ్గర నార్తంబర్లాండ్ స్ట్రీట్‌లో షెర్లాక్ హోమ్స్ పేరుతో ఒక పబ్ ఉంది. 1951లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ సందర్భంగా హోమ్స్ కూర్చునే గదిని ఊహించి ఒక ప్రదర్శన కట్టారు. 1957లో ఆ గదిని తెచ్చి ఈ పబ్ మేడ మీద అమర్చారు. లేని మనిషికి కట్టిన గది అది. అద్దంలోంచి చూస్తూ నిలబడితే పక్కనున్న పర్యాటకులు తామే మాట కలుపుతారు. "పుస్తకాలు చదివారా, సినిమాలే చూశారా?" అన్న ఒక్క ప్రశ్న మీ దగ్గర ఉంటే చాలు.

అక్కడికి నాలుగడుగుల దూరంలో విలియర్స్ స్ట్రీట్‌లో గోర్డన్స్ వైన్ బార్ 1890 నుంచి నడుస్తోంది. నేలమాళిగలో తలకు తగిలేలా వంగిన ఇటుక కప్పు, బల్లల మీద కొవ్వొత్తులు. అక్కడ వైనే తప్ప బీరు, విస్కీ దొరకవు. దీనికి ఎవరూ వేషం కట్టలేదు, కాలమే కట్టింది. క్లాపమ్ కామన్ స్టేషన్ దగ్గరేమో వందేళ్లకు పైబడిన పాత పబ్లిక్ మరుగుదొడ్లని శుభ్రంగా బాగుచేసి వైన్ బారుగా మార్చారు. దాని పేరు కూడా డబ్ల్యూసీయే.

వింతల్లోకెల్లా వింత చూడాలంటే హ్యాక్నీలోని మేర్ స్ట్రీట్‌కి వెళ్లండి. విక్టర్ విండ్ మ్యూజియంలో పుర్రెలు, ఎముకల గూళ్లు, గడ్డి కూరిన జంతువులు గోడలు కనపడనంతగా ఉంటాయి. మెట్ల పైన బారు, కింద మ్యూజియం. అక్కడి ప్రత్యేకత ఆబ్సింత్ అనే ఆకుపచ్చటి మందు. మీరు తాగినా తాగకపోయినా దాన్ని కలిపే తీరు మాత్రం దగ్గరగా చూడాలి.

బల్ల మధ్య పొడుగాటి గాజు పాత్ర. దాని నిండా ఐసు నీళ్లు, చుట్టూ చిన్న చిన్న కొళాయిలు. గ్లాసులో రెండు వేళ్ల మందం కూడా ఉండని ఆకుపచ్చ ద్రవం. గ్లాసు మీద అడ్డంగా చిల్లుల చెంచా, చెంచా మీద ఒక పంచదార బిళ్ల. కొళాయి కొద్దిగా తిప్పితే చుక్క తర్వాత చుక్క బిళ్ల మీద పడుతుంది. బిళ్ల అంచులు కరిగి కూలుతుంటాయి. ఒక్కో చుక్క గ్లాసులో పడ్డచోట పొగలాంటి తెల్లటి తీగ విడుతుంది. కాసేపటికి అద్దంలాంటి ఆకుపచ్చ కాస్తా బియ్యం కడిగిన నీళ్ల రంగుకి వస్తుంది. సోంపు వాసన గుప్పుమంటుంది. సోంపు జాతి గింజల నూనె ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీళ్లలో కరగదు. నీళ్లు ఎక్కువయ్యే కొద్దీ అది సన్నటి తుంపరలుగా విడిపోతుంది, అందుకే ఆ తెలుపు. ఆబ్సింత్‌ని 1915లో ఫ్రాన్స్ నిషేధించింది, బ్రిటన్ ఎన్నడూ నిషేధించలేదు. ఇందులో ఆల్కహాల్ 45 నుంచి 70 శాతం దాకా, ఒక్కోసారి అది దాటి కూడా ఉంటుంది. కాబట్టి ఎవరైనా "నీళ్లు లేకుండా కొట్టు" అని పందెం వేస్తే నవ్వి ఊరుకోండి. మందుకి మూడు నుంచి అయిదు రెట్లు నీళ్లు కలపడమే దాని మర్యాద.

ఈ మెట్టు మీద మీ పని ఒక్కటే. బయటికి వచ్చేలోగా ఎవరో ఒకరిని ఒక వస్తువు గురించి ఒక ప్రశ్న అడగాలి. బారు వెనక ఉన్నవాళ్లనే అడగొచ్చు. రద్దీ లేని వేళ ఆ వింతల గురించి చెప్పడం వాళ్లకీ సరదానే.

రెండో మెట్టు: ఒక్క మాట చెప్పడం

స్పిటల్‌ఫీల్డ్స్‌లో ఆర్టిలరీ లేన్ మీద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ అని ఒక టిఫిన్ హోటల్ ఉంది. గుడ్లు, పాన్‌కేకులు తినే జనంతో మామూలుగానే ఉంటుంది. అక్కడి సిబ్బందిలో ఒకరి దగ్గరికి వెళ్లి "మేయర్‌ని కలవడానికి వచ్చాను" అనాలి. వాళ్లు ముఖంలో నవ్వు కనపడనివ్వకుండా మిమ్మల్ని ఒక పెద్ద ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్తారు. తలుపు తీస్తే పాలూ కూరలూ ఉండవు, నేలమాళిగలోకి మెట్లుంటాయి. ఆ బారు పేరు మేయర్ ఆఫ్ స్కేర్‌డీ క్యాట్ టౌన్.

ఆ ఒక్క వాక్యమే మీ సాధన. తలుపు దగ్గర నిలబడి "అదీ... ఇక్కడ బారేదో ఉందని విన్నాను..." అని నసగకండి. మీ కోసం నిజంగానే ఒక మేయర్ ఎదురుచూస్తున్నంత తాపీగా చెప్పండి. అవతలివాళ్లు ఈ మాట రోజూ వింటూనే ఉంటారు, మీ యాసని పట్టించుకునే తీరిక వాళ్లకుండదు. తెలుగు యాసతో పలికిన ఇంగ్లిషు వాక్యానికి తలుపు తెరుచుకోవడం చిన్న అనుభవమే. కానీ యాస గురించి లోలోపల కుంగిపోతున్నవాళ్లకి అది పది ఉపదేశాల పెట్టు.

మూడో మెట్టు: ఆ లోకంలో కాసేపు కూర్చోవడం

కార్నబీ స్ట్రీట్ వెనక కింగ్లీ కోర్టులో కహూట్స్ అనే బారు 2015లో తెరిచారు. మెట్లు దిగితే 1940ల నాటి భూగర్భ రైల్వేస్టేషన్. పాత పెట్టెలు, ఇసుక బస్తాలు, రైలు పెట్టెలోపల సీట్లు, ఆ కాలపు స్వింగ్ సంగీతం. సిబ్బంది ఆ రోజుల యాసలోనే పలకరిస్తారు. కింగ్లీ కోర్టు అనే స్టేషన్ లండన్ మ్యాపులో ఎన్నడూ లేదు. అంతా కట్టుకథే.

ఇక్కడ మాట వెంటనే ముగియదు. సిబ్బంది మిమ్మల్ని ఆ కాలపు మనిషిలా పలకరిస్తే మీరూ అదే వరసలో జవాబివ్వాలి. పెద్ద నటన అక్కర్లేదు. "రైలు ఆలస్యమా?" అని మీరడిగితే చాలు, మిగతాది వాళ్లు అల్లుకుంటారు. అర్థం కాని మాట వస్తే అర్థమైనట్టు తల ఊపకండి. "నేను ఈ స్టేషన్‌కి కొత్త, కాస్త వివరంగా చెప్పండి" అనండి. అదీ ఆటలో భాగమైపోతుంది. తెలియదని ఒప్పుకోవడానికి ఇంత సుఖమైన చోటు ఇంకోటి దొరకదు.

వెళ్లే ముందు ఒక పని చేయండి. ఆ థీమ్ వెనకున్న నిజం తెలుసుకోండి. 1940 సెప్టెంబరు నుంచి 1941 మే దాకా జర్మనీ విమానాలు లండన్ మీద బాంబులు కురిపించాయి. వేలాది మంది పిల్లాపాపలతో ట్యూబ్ స్టేషన్ల ప్లాట్‌ఫారాల మీద పడుకున్నారు. 1943 మార్చి 3న బెత్నల్ గ్రీన్ స్టేషన్‌లోకి తలదాచుకోవడానికి వెళ్తున్న జనం చీకట్లో మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడి 173 మంది చనిపోయారు. వాళ్లలో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అక్కడ ఒక్క బాంబు కూడా పడలేదు. స్టేషన్ పక్కనే వాళ్ల స్మారకం ఉంది. వీలైతే దాన్ని పగలు చూసి, రాత్రి బారుకి వెళ్లండి. వేషం వేసేవాడికి కథ మొత్తం తెలిసి ఉండాలి. పక్క బల్ల మీద తూర్పు లండన్ ముసలాయన ఉంటే, ఆయన కుటుంబం ఆ రోజుల్లో ఎక్కడుండేదని అడగండి. తర్వాత మీరు మాట్లాడాల్సిన పని ఉండకపోవచ్చు, వినడమే.

నాలుగో మెట్టు: వేషం కట్టడం

ఎర్ల్స్ కోర్టులో ఎవాన్స్ అండ్ పీల్ డిటెక్టివ్ ఏజెన్సీ ఉంది. దాన్లో బల్ల బుక్ చేయరు, డిటెక్టివ్‌తో అపాయింట్‌మెంట్ తీసుకుంటారు. బుక్ చేసేటప్పుడే మీ కేసేమిటో రాయాలి. వెళ్లాక పాతకాలపు ఆఫీసులో ఒక డిటెక్టివ్ మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతాడు. మీ జవాబులు నచ్చాయంటే పుస్తకాల బీరువా పక్కకి జరుగుతుంది. దాని వెనక బారు.

కొత్తవాళ్లు ఇక్కడ ఇంగ్లిషు సినిమాల్లోంచి కేసు అరువు తెచ్చుకుంటారు. హత్యలు, వజ్రాల హారాలు. వద్దు. మీ ఇంటి కేసు తీసుకెళ్లండి. ఉదాహరణకి: గుంటూరు నుంచి అమ్మ పంపిన ఆవకాయ సీసా నలుగురుండే ఫ్లాట్‌లో మాయమైంది. విచారణ ఇలా సాగొచ్చు.

"సీసాని చివరిసారి ఎప్పుడు చూశారు?"

"మంగళవారం రాత్రి. ఫ్రిజ్ పైఅరలో, పాల డబ్బా వెనక."

"వెనక ఎందుకు దాచారు?"

"అందరికీ కనపడితే వారం కూడా ఉండదండీ."

"అనుమానితులెవరు?"

"ముగ్గురు. ఒకడిది భీమవరం, ఒకడిది వరంగల్, ఇంకొకడిది కొచ్చి."

"ఆ రాత్రి ఇంట్లో ఏం వండారు?"

"ముద్దపప్పు."

"అంటే ముగ్గురికీ కారణం ఉంది."

ఇందులో మీరు పరాయివాళ్ల విషయం ఒక్కటీ చెప్పలేదు. ఆవకాయ అంటే ఏమిటో, పాత సీసా అయిపోతుంటే కొత్తది ఎప్పుడొస్తుందా అని ఎందుకు చూస్తారో, కొత్త ఆవకాయకి ముద్దపప్పు ఎందుకు కావాలో మీకు తెలిసినంతగా ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. ఆర్సెనల్ గురించి మాట్లాడేటప్పుడు మీరు వెనకబడ్డారు. ఆవకాయ దగ్గర వాళ్లే మీ వెనక వస్తారు. బిడియస్థుల్లో చాలామంది తమ దగ్గర చెప్పడానికేమీ లేదనుకుంటారు. ఉన్నదాన్ని అవతలివాళ్లకి ఆటగా అందించడం రాకపోవడమే వాళ్ల లోటు. ఈ మెట్టు దాన్ని తీర్చడానికే.

ఇదే వరసలో ఇంకో అడుగు ముందుకేస్తే బ్రిక్ లేన్‌లోని ఆల్కోట్రాజ్. 2017లో మొదలైన జైలు బారు. నారింజరంగు ఖైదీ సూటు తొడుక్కోవాలి. మీ మందు సీసా మీరే తెచ్చుకుని వార్డెన్ కంట పడకుండా లోపలికి దాటించాలి. దాంతోనే వాళ్లు కాక్‌టెయిళ్లు కలిపి ఇస్తారు. ఇక్కడికి ఒంటరిగా వెళ్లొద్దు, నలుగురు కలిసి వెళ్లండి. వార్డెన్ గద్దించగానే నిజంగా బెదిరిపోయే మనస్తత్వమైతే దీన్ని వదిలేయండి, అందులో చిన్నతనమేమీ లేదు. మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా జైలు చూసినవాళ్లయితే అసలే వద్దు. ప్రతి వేషమూ ప్రతి మనిషికీ నప్పదు.

వేషంలో ఉన్న సిబ్బందితో ఒక మర్యాద పాటించాలి. వాళ్లు ఉద్యోగం చేస్తున్నారు. అడ్డం తిరిగి ఏడిపించడం, నటన చాలించమని పోరడం, ఆడవాళ్లయితే చొరవ తీసుకోవడం, ఇవన్నీ బయట ఎంత తప్పో లోపలా అంతే తప్పు. ఫొటో తీసేముందు అడగండి.

జేబు, ఒళ్లు, ఇంటిదారి

ముందు డబ్బు సంగతి. నడిబొడ్డు లండన్‌లో ఒక కాక్‌టెయిల్ 12 నుంచి 16 పౌండ్ల మధ్య ఉంటుంది. 14 పౌండ్లవి రెండు తీసుకుంటే 28. దానిమీద సాధారణంగా 12.5 శాతం సర్వీస్ ఛార్జి కలుపుతారు, బిల్లు 31.50 అవుతుంది. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లకి కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లు అయింది. ఆ లెక్కన పార్ట్‌టైమ్ చేసే విద్యార్థికి ఈ రెండు గ్లాసులు రెండున్నర గంటల కష్టం. కాబట్టి నెలకొక మెట్టు చాలు. ఆ సర్వీస్ ఛార్జి ఐచ్ఛికమైతే సేవ బాగోలేనప్పుడు తీసేయమనొచ్చు. బాగుంటే మనస్ఫూర్తిగా ఇవ్వండి. 2024 అక్టోబరు నుంచి టిప్పులన్నీ సిబ్బందికే చేరాలని చట్టం వచ్చింది.

బుక్ చేసేటప్పుడు మూడు చూడండి. ఆ చోటు ఇంకా నడుస్తోందా? ఇలాంటి బార్లు కొన్ని నెలలకోసమే పుట్టి మాయమవుతుంటాయి. 2015లో బరో మార్కెట్ దగ్గర జిన్నుని మేఘంలా గదినిండా వదిలి జనాన్ని పీల్చుకోమన్న బారు కూడా అలా వచ్చి వెళ్లిందే. బల్ల ఎంతసేపటికి ఇస్తున్నారు? వెళ్లకపోతే ఎంత కోస్తారు? సోమ, మంగళవారాల్లో తొందరగా వెళ్తే రద్దీ తక్కువ, సిబ్బందికి మీతో ఆడే ఓపికా ఎక్కువ.

గుర్తింపు కార్డు విషయం. మన తెలుగు రాష్ట్రాల్లో మందు కొనడానికి 21 ఏళ్లు నిండాలి, ఇక్కడ 18 చాలు. కానీ పాతికేళ్లలోపు వయసులా కనిపిస్తే కార్డు అడగడం ఇక్కడి పద్ధతి. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని బార్ల చుట్టూ తిరగకండి. పోతే వచ్చే తలనొప్పి అంతా ఇంతా కాదు. ఆన్‌లైన్‌లో 34 పౌండ్లకి వచ్చే ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్ చక్కగా సరిపోతుంది.

కొలత తెలుసుకోండి. మనకు పెగ్గంటే 30 మిల్లీలీటర్లు, లార్జంటే 60. ఇక్కడ సింగిల్ 25 గానీ 35 గానీ ఉంటుంది. కాక్‌టెయిళ్లకి ఆ లెక్క వర్తించదు, చాలావాటిలో 50 దాకా పోస్తారు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న మందు 50 మిల్లీలీటర్లంటే రెండు యూనిట్లు. వారానికి 14 యూనిట్లు మించొద్దని, అదీ ఒక్క రోజే కాకుండా మూడు నాలుగు రోజులకి సర్దుకోమని ఇక్కడి ఆరోగ్యశాఖ చెబుతుంది. అంటే అలాంటి గ్లాసులు వారమంతటికీ ఏడు. తియ్యగా ఉన్న కాక్‌టెయిల్ జ్యూసులా దిగిపోతుంది, జాగ్రత్త. గ్లాసు గ్లాసుకీ మధ్య మంచినీళ్లు తాగండి. మందు అమ్మే చోట అడిగితే కొళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో నియమం.

శాకాహారులు రెండు చూసుకోవాలి. విస్కీ సవర్ లాంటివాటి పైన తెల్లటి నురగ చాలాసార్లు గుడ్డు తెల్లసొనదే. బ్లడీ మేరీలో వేసే వూస్టర్ సాస్‌లో చేప ఉంటుంది. అడిగితే లేకుండా చేసిస్తారు. అసలే తాగనివాళ్లు మందు లేని కాక్‌టెయిల్ అడగండి, ఇప్పుడు మంచి బార్లన్నిటిలో దానికి ఒక పేజీ ఉంటుంది. బీరైతే 0.0 అని రాసి ఉన్నది చూసుకోండి, కొన్నిట్లో 0.5 శాతం ఉంటుంది. ఎందుకు తాగవని ఎవరైనా అడిగితే "తాగను" అన్న మాటకి కారణాలు జోడించకండి. కారణం చెబితే చర్చ మొదలవుతుంది.

ఇంటిదారి బయలుదేరకముందే ఆలోచించాలి. శుక్ర, శనివారాల్లో రాత్రంతా అయిదు ట్యూబ్ లైన్లు నడుస్తాయి: సెంట్రల్, జూబిలీ, నార్తర్న్, పికడిలీ, విక్టోరియా. హౌన్‌స్లోలో ఉండేవాళ్లకి పికడిలీ దొరుకుతుంది. ఈస్ట్ హామ్ వెళ్లే డిస్ట్రిక్ట్ లైనుకి ఆ సౌకర్యం లేదు, రాత్రి బస్సు ఏదో ముందే చూసి పెట్టుకోండి. గ్లాసు బల్ల మీద వదిలేసి బాత్‌రూమ్‌కి వెళ్లొద్దు. వచ్చాక అనుమానముంటే కొత్తది తీసుకోండి. ఎవరివల్లనైనా ఇబ్బందిగా, భయంగా అనిపిస్తే కౌంటరు దగ్గరికి వెళ్లి "ఏంజెలా ఉందా?" అని అడగండి. 2016లో లింకన్‌షైర్‌లో మొదలై దేశమంతా పాకిన సంకేతం ఇది. ఆ పథకంలో ఉన్న చోట సిబ్బంది గోల కాకుండా మిమ్మల్ని అక్కడి నుంచి తప్పించి పంపిస్తారు. ఆడపిల్లలే కాదు, మగపిల్లలూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

సాధన

1. మొదటి నెల: షెర్లాక్ హోమ్స్ పబ్ గానీ, హ్యాక్నీ మ్యూజియం గానీ. ఒక వస్తువు గురించి ఒక ప్రశ్న అడగండి.

2. రెండో నెల: మేయర్ దగ్గరికి. ఆ వాక్యం మీరే చెప్పండి, పక్కనున్న స్నేహితుడి చేత చెప్పించకండి.

3. మూడో నెల: ముందు బెత్నల్ గ్రీన్ స్మారకం, తర్వాత కహూట్స్. పాత్ర వదలకుండా మూడు జవాబులు ఇవ్వండి.

4. నాలుగో నెల: మీ ఇంటి కేసు ఒకటి రాసుకుని డిటెక్టివ్ దగ్గరికి. ఆఫీసులో గానీ క్లాసులో గానీ మీకు అంతగా పరిచయం లేని ఒకరిని వెంట తీసుకెళ్లండి. రమ్మని పిలవడమే ఆ నెలలో అసలైన పరీక్ష.

ఈ నాలుగూ అయ్యాక గురువారం పబ్‌కి వెళ్లినప్పుడు ఒకటి కనిపెడతారు. అక్కడా ఒక పాత్ర ఖాళీగా ఉంటుంది: రౌండు కొనే మనిషి. ఇంగ్లిషు పబ్‌లో ఎవరి గ్లాసు వాళ్లు కొనుక్కోరు, వంతులవారీగా ఒకరు అందరికీ తెస్తారు. ఆ వంతు కోసం చివరిదాకా ఆగొద్దు. వెళ్లగానే "ఈ రౌండు నాది, ఎవరికేం కావాలి?" అనండి. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడగాలి, గుర్తుపెట్టుకోవాలి, కౌంటరు దగ్గర చెప్పాలి, తెచ్చి అందించాలి. మొదటి మాట, ముగింపు రెండూ అందులోనే ఉన్నాయి. మీ గ్లాసులో లెమనేడే ఉన్నా రౌండు మీదే అవుతుంది. ఖర్చు చేయి దాటకుండా ముగ్గురు నలుగురున్న బల్లనే ఎంచుకోండి. గుంపు పెద్దదైతే "మేమిద్దరం విడిగా తెచ్చుకుంటాం" అని మొదట్లోనే చెప్పేయండి. అలా చెప్పడానికి అక్కడెవరూ ఏమీ అనుకోరు.